ఓర్చుకోవలసింది ఏది? ఓర్చుకోకూడనిది ఏది?



సహనం అనే మాట ఈ రోజుల్లో సంఘానికి రెండు వైపుల నుంచి వినబడుతోంది. బయట ఉన్నవారు, "మీ నమ్మకమే సత్యమంటారు, మీకు సహనం లేదు" అంటున్నారు. లోపల ఉన్నవారు మరో రకంగా అంటున్నారు. సంఘంలో ఏదైనా అన్యాయం జరిగి ఎవరైనా నోరు విప్పితే, "క్రైస్తవులకు ఓర్పు ఉండాలి, సర్దుకుపోండి, సంఘం పేరు పాడుచేయకండి" అని నచ్చజెబుతున్నారు. మొదటి మాటకు జంకి సత్యాన్ని పలచబరిచే బోధకులు ఉన్నారు. రెండో మాటకు లోబడి అన్యాయాన్ని కప్పిపుచ్చే పెద్దలు ఉన్నారు. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒకటే. సహనానికి హద్దు ఎక్కడ ఉందో మనం సరిగా నేర్చుకోలేదు. ఈ వారం ఆ హద్దును లేఖనాల వెలుగులో, సంఘ చరిత్ర వెలుగులో పరిశీలిద్దాం.

సహనం అంటే ఏమిటి?

ఇష్టమైన దాన్ని ఎవరూ సహించరు, ఆనందిస్తారు. మనకు పట్టని విషయాన్ని కూడా సహించడం అనరు. అది కేవలం పట్టనితనం. ఒక విషయం తప్పు అని నమ్మి, దాన్ని అడ్డుకునే బలమో అధికారమో కొంతైనా ఉండి, అయినా ఒక మేలైన కారణం కోసం చేయి ఆపుకోవడమే సహనం. ఈ మూడూ కలిసి ఉండాలి. తప్పనే నమ్మకం లేకపోతే అది ఉదాసీనత. అడ్డుకునే బలం లేకపోతే అది నిస్సహాయత. మేలైన కారణం లేకపోతే అది పిరికితనం, లేదా స్వలాభం.

కాబట్టి దృఢమైన నమ్మకం ఉన్నవాడు సహనశీలి కాలేడనే వాదం నిలబడదు. అసలు నమ్మకం ఉన్నవాడికే సహనం అవసరం పడుతుంది.

దేవుని సహనాన్ని గురించి లేఖనం చెప్పే తీరు గమనించండి. రోమీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలోను, పేతురు రెండవ పత్రిక 3వ అధ్యాయంలోను దేవుని దీర్ఘశాంతానికి ఒక ఉద్దేశం కనిపిస్తుంది. మనిషి మారుమనస్సు పొందడానికి ఆయన సమయం ఇస్తున్నాడు. పాపాన్ని చిన్నదిగా చూసినందువల్ల ఆయన ఆగడం లేదు. ఆ ఓర్పు వెలను ఆయన వేరొకరి మీద మోపలేదు. సిలువ మీద తానే భరించాడు. మన సహనాన్ని కొలవడానికి ఇదే కొలబద్ద. మనం ఓర్చుకుంటున్నామని చెప్పుకునే ప్రతి సందర్భంలో ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ ఓర్పుకు వెల ఎవరు చెల్లిస్తున్నారు? మనమా, మనకంటే బలహీనులైన వేరొకరా?

విశాలంగా ఓర్చుకోవలసిన చోట్లు

మొదటిది, మనస్సాక్షికి వదిలిన సంగతులు. రోమా సంఘంలో కొందరు మాంసం తినేవారు, కొందరు కూరగాయలే తినేవారు. కొందరు ఒక దినాన్ని ప్రత్యేకంగా ఎంచేవారు, కొందరు అన్ని దినాలనూ సమానంగా చూసేవారు. 14వ అధ్యాయంలో పౌలు ఈ రెండు వర్గాలను విడదీయలేదు. ఒకరినొకరు తృణీకరించవద్దనీ, తీర్పు తీర్చవద్దనీ చెప్పాడు. నేడు ఆరాధనలో డప్పు వాడాలా, కీబోర్డు వాడాలా, బొట్టు, పూలు, నగల సంగతేమిటి, క్రిస్మస్ నక్షత్రం కట్టాలా వద్దా అనే తగవులు చాలావరకు ఈ కోవలోవే. వీటి కోసం సంఘాలు చీలడం చూస్తున్నాం. ఇక్కడ ఓర్పు లేకపోవడమే పాపం.

రెండవది, సంఘం బయట ఉన్నవారు. తమ ప్రభువును చేర్చుకోని సమరయుల గ్రామం మీదికి ఆకాశం నుంచి అగ్ని రప్పించాలని యాకోబు, యోహాను అడిగినప్పుడు, లూకా 9వ అధ్యాయం ప్రకారం ఆయన వారినే గద్దించాడు. మత్తయి 13వ అధ్యాయంలోని గోధుమలు, గురుగుల ఉపమానంలో పొలం లోకమని ఆయనే వివరించాడు. గురుగులు పెరికే పని కోతకాలానికి ముందు దాసులకు అప్పగించలేదు. కొరింథీయుల మొదటి పత్రిక 5వ అధ్యాయం చివర పౌలు మరింత స్పష్టంగా రాశాడు. బయటివారికి తీర్పు తీర్చే పని దేవునిది. సంఘం చూసుకోవలసింది లోపలివారి సంగతి.

వివాహాన్ని గురించి, లైంగిక పవిత్రతను గురించి, మద్యాన్ని గురించి సంఘం తన బోధను దాచుకోనక్కరలేదు. అయితే ఆ బోధతో ఏకీభవించని పొరుగువాడిని అవమానించడానికి, అతని చేత ఇల్లు ఖాళీ చేయించడానికి, ఉపాధి పోగొట్టడానికి ఆ బోధ అనుమతిపత్రం కాదు. అన్యమతస్థుల దేవుళ్లను వేదిక మీద ఎగతాళి చేసే ప్రసంగం ధైర్యమూ కాదు, సువార్తా కాదు. రాజ్యాంగం 25వ అధికరణం మనకు ఇచ్చిన మనస్సాక్షి స్వేచ్ఛ మన పక్కింటివారికీ ఉంది.

నమ్మకంలో కఠినంగా ఉండి, పొరుగువారి పట్ల సహనం చూపిన మనిషికి ఉదాహరణగా రోజర్ విలియమ్స్‌ను చెప్పుకోవచ్చు. 17వ శతాబ్దంలో మసాచుసెట్స్ అధికారులు అతన్ని వెలివేశారు. 1636లో అతడు ప్రావిడెన్స్ అనే పట్టణాన్ని స్థాపించి, మనస్సాక్షి విషయంలో ఎవరినీ బలవంతం చేయకూడదని నిర్ణయించాడు. 1644లో అదే సంగతి మీద పుస్తకం ప్రచురించాడు. క్వేకర్ల బోధ తప్పని అతడు గట్టిగా నమ్మాడు. 1672లో, వృద్ధాప్యంలో, వారితో రోజుల తరబడి బహిరంగంగా వాదించాడు. బోస్టన్‌లో క్వేకర్లను ఉరితీసిన ఆ కాలంలోనే, అతడు స్థాపించిన వలసలో మాత్రం వారు నిర్భయంగా జీవించారు. వాదించడానికి నోరు తెరిచాడు, శిక్షించడానికి చేయి ఎత్తలేదు. క్రైస్తవ సహనం అంటే ఇది.

లేఖనం గీసిన హద్దు

అయితే అదే లేఖనం కొన్నింటిని ఓర్చుకోవద్దని అంటుంది. ఏలీ సంగతి చూడండి. సమూయేలు మొదటి గ్రంథం 2వ అధ్యాయంలో అతని కుమారులు ప్రజలు తెచ్చిన బలి మాంసాన్ని బలవంతంగా లాక్కునేవారు. ప్రత్యక్షపు గుడారపు ద్వారం దగ్గర సేవచేసే స్త్రీలను చెరిచేవారు. ఏలీకి ఇదంతా తెలుసు. ఒకసారి మందలించాడు కూడా. కానీ పదవి నుంచి తొలగించలేదు. 3వ అధ్యాయంలో దేవుడు అతని మీద మోపిన నేరం, తెలిసి కూడా అడ్డగించలేదని. ఏలీ ఓర్పుకు వెల ఏలీ చెల్లించలేదు. ఆ స్త్రీలు, ఆ పేద ఆరాధకులు చెల్లించారు.

అంతియొకయలో జరిగింది గలతీయుల పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. పేతురు అన్యజనుల నుంచి వచ్చిన విశ్వాసులతో కలిసి భోజనం చేస్తూ వచ్చాడు. యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చేసరికి భయపడి వేరైపోయాడు. బర్నబా కూడా ఆ వేషధారణలో కొట్టుకుపోయాడు. వచ్చినవారి మనసు నొప్పించకూడదని పేతురు అనుకొని ఉండవచ్చు. చూసేవారికి అది సహనంగానే కనిపించి ఉంటుంది. కానీ ఆ బల్ల దగ్గర ఒంటరిగా మిగిలిపోయినవారు ఎవరు? అందుకే పౌలు అందరి ఎదుటే పేతురును నిలదీశాడు. తప్పు బహిరంగంగా జరిగింది, దిద్దుబాటూ బహిరంగంగానే జరిగింది.

ఈ పౌలే అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో యూదుల నిమిత్తం తిమోతికి సున్నతి చేయించాడు. తీతు విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. ఇందులో వైరుధ్యం లేదు. మొదటిది సువార్త కోసం తామే భరించిన ఇబ్బంది. రెండోదానికి ఒప్పుకొని ఉంటే, క్రీస్తు ఒక్కడే చాలడని అన్యజనులందరి నెత్తిన కాడి మోపినట్టయ్యేది.

ప్రకటన గ్రంథం 2వ అధ్యాయంలో రెండు సంఘాలను పక్కపక్కన పెట్టి చదవాలి. ఎఫెసు సంఘం దుష్టులను సహించలేదు. ప్రభువు దాన్ని మెచ్చుకున్నాడు. కానీ మొదటి ప్రేమను వదిలిందని తప్పుపట్టాడు. తుయతైర సంఘంలో ప్రేమ, విశ్వాసం, పరిచర్య, ఓర్పు అన్నీ ఉన్నాయి. కానీ తన దాసులను మోసపుచ్చే స్త్రీని ఉండనిచ్చిందని తప్పుపట్టాడు. ప్రేమ లేని కఠినత్వం ఒక జబ్బు, హద్దు లేని ఓర్పు మరో జబ్బు. ఒకదానికి మందు రెండోది కాదు.

ఒక సంఘం చేసిన సర్దుబాటు

హద్దు దాటిన ఓర్పు ఎక్కడికి తీసుకుపోతుందో దక్షిణాఫ్రికా చరిత్ర చూపిస్తుంది. 1829లో కేప్ ప్రాంతపు డచ్ రిఫార్మ్‌డ్ సంఘ సభ ముందుకు ఒక ప్రశ్న వచ్చింది. తెల్లవారు కాని విశ్వాసులకు ప్రభువు బల్లలో వేరుగా సంస్కారం ఇవ్వవచ్చా? రంగు, పుట్టుక అనే భేదం లేకుండా అందరూ కలిసే పాలుపొందాలని సభ తీర్మానించింది. వాక్యం ఎటు ఉందో వారికి స్పష్టంగా తెలుసు.

1857లో అదే సభ మళ్లీ కూడింది. అందరూ ఒకే సంఘంలో ఉండడమే లేఖనానుసారమని ఈసారీ ఒప్పుకుంది. కానీ కొందరి బలహీనత వల్ల అది క్రీస్తు పనికి ఆటంకమయ్యే చోట, కొత్తగా వచ్చిన విశ్వాసులు వేరే భవనంలో ఆరాధించుకోవచ్చునని వెసులుబాటు ఇచ్చింది. ఎవరి బలహీనత? నల్లవారి పక్కన కూర్చోవడానికి మనసొప్పని కొందరు తెల్లవారి బలహీనత. అది నియమం కాదు, కేవలం మినహాయింపు అన్నారు. 1881 నాటికి తెల్లవారు కాని విశ్వాసులకు వేరే మిషన్ సంఘమే ఏర్పడింది. మినహాయింపు ఆచారమైంది, ఆచారం సిద్ధాంతమైంది. 1948 తర్వాత ఆ దేశంలో వర్ణవివక్ష ప్రభుత్వ విధానంగా మారినప్పుడు, దాన్ని సమర్థించడానికి వేదాంతం ఆ సంఘంలో సిద్ధంగా ఉంది.

చివరకు 1982లో ఒట్టావాలో కూడిన రిఫార్మ్‌డ్ సంఘాల ప్రపంచ సమాఖ్య, వర్ణవివక్షకు వేదాంత సమర్థన ఇవ్వడం దుర్బోధ అని ప్రకటించి, దాన్ని సమర్థించిన సంఘాల సభ్యత్వాన్ని నిలిపివేసింది. ఆ మిషన్ సంఘమే అదే సంవత్సరం బెల్హార్ విశ్వాస ప్రమాణాన్ని రూపొందించి, 1986లో ఆమోదించింది. వేరే గదికి పంపబడినవారి సంతానం, పంపినవారికి సువార్త ఏమిటో నేర్పింది.

1857లో వాడిన 'బలహీనత' అనే మాట రోమా 14ను తలపిస్తుంది. అందుకే అది అంతమందిని నమ్మించగలిగింది. కానీ రోమా 14లో బలవంతుడు బలహీనుడి కోసం తన పళ్లెంలోని మాంసాన్ని వదులుకుంటాడు. కేప్‌లో బలవంతుడే తనను బలహీనుడని చెప్పుకొని, పేదవాడి చేత బల్ల దగ్గర చోటు వదిలించాడు. వాక్యం అదే, వెల చెల్లించినవాడు మారిపోయాడు.

ఒంగోలులో వచ్చిన పరీక్ష

ఇలాంటి పరీక్షే తెలుగు నేల మీదా వచ్చింది. జాన్ క్లౌ 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీగా ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అక్కడ సంఘం ఏర్పడింది. పట్టణంలోని అగ్రవర్ణాల వారు కొందరు అతని బోధ పట్ల, బడి పట్ల ఆసక్తి చూపుతున్న కాలం అది. అదే సమయంలో యర్రగుంట్ల పేరయ్య సాక్ష్యం విని మాదిగ కుటుంబాలు ప్రభువును వెదుకుతూ వచ్చాయి. వీరిని చేర్చుకుంటే మేము రామని అగ్రవర్ణాల వారు తేల్చి చెప్పారు. లెక్క ప్రకారం ఆలోచిస్తే పలుకుబడి ఉన్నవారి కోసం పేదవారిని కొంతకాలం ఆగమనడమే తెలివైన పని. ఆ కలతలో క్లౌ, ఆయన భార్య హారియెట్ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరి కంటా కొరింథీయుల మొదటి పత్రిక 1వ అధ్యాయం 26వ వచనం నుంచి ఉన్న భాగమే పడిందని ఆయన తన జీవిత వృత్తాంతంలో చెప్పుకున్నాడు. లోకం నీచంగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం అది. పేరయ్య జనాన్ని ఆయన చేర్చుకున్నాడు. అగ్రవర్ణాల వారు దూరమయ్యారు.

ఇదే మనిషి ఇంకొక విషయంలో చూపిన నిగ్రహం కూడా గుర్తుంచుకోవాలి. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి పని ఇచ్చాడు. అయితే తిండి కోసం ఎవరూ విశ్వాసులం అనకూడదని, కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. ఆ తర్వాతే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బల్ల దగ్గర వివక్షకు ఒప్పుకోలేదు, రొట్టె చూపి ఎవరినీ లొంగదీసుకోలేదు. నమ్మకంలో రాజీ లేకపోవడం, బలవంతం లేకపోవడం రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు.

నేటి మన సంఘాలలో

మరి ఆ వారసత్వం ఉన్న మనం ఏమి ఓర్చుకుంటున్నాం? 'మాల సంఘం', 'మాదిగ సంఘం' అనే మాటలు మన నోట ఎంత మామూలుగా వస్తున్నాయి! పెళ్లి సంబంధాల ప్రకటనల్లో బాప్తిస్మం పక్కనే కులం పేరు అచ్చవుతోంది. సంఘ ఎన్నికలు వచ్చాయంటే వాక్యం పక్కకు పోయి కులాల లెక్కలు ముందుకొస్తాయి. "ఇది సమాజంలో ఉన్నదే కదా, ఒక్కరోజులో పోతుందా" అంటాం. కేప్ సభ అన్నదీ దాదాపు అంతే.

కట్నం సంగతి చూడండి. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా ఆ చట్టం కింద నేరమే. అయినా ప్రధానం రోజున పాస్టరుగారు ప్రార్థన చేసి కూర్చున్న గదిలోనే లాంఛనాల మాట తెగుతుంది. అది కుటుంబాల వ్యవహారమని మనం తల తిప్పుకుంటాం. మన మౌనానికి వెల ఆ పిల్ల తండ్రి అప్పు రూపంలో, ఆ పిల్ల కన్నీళ్ల రూపంలో చెల్లిస్తారు.

ఇంట్లో దెబ్బలు తింటున్న సహోదరిని, ఓర్చుకో, ప్రార్థించు అని తిరిగి అదే ఇంటికి పంపడం ఓర్పు నేర్పడం కాదు. గృహహింస నుంచి ఆమెను రక్షించడానికి 2005 నాటి చట్టం ఉంది. ఆమెకు ముందు కావలసింది భద్రత. సండే స్కూలులోనో, హాస్టల్లోనో పసిబిడ్డకు కీడు జరిగిందని తెలిస్తే, సంఘం పరువు కోసం లోలోపల పరిష్కరించుకునే హక్కు ఏ కమిటీకీ లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోవడం శిక్షార్హం. నేరం చేసినవాడు ఎంత గొప్ప ప్రసంగికుడైనా ఈ మాట మారదు. ఏలీ కుమారులు కూడా యాజకులే.

ఎలా నిలబడాలి?

ఏదైనా సంగతి ఎదురైనప్పుడు సంఘ పెద్దలు నాలుగు ప్రశ్నలు వేసుకోవడం మంచిది.

1. ఇది మనస్సాక్షికి వదిలిన విషయమా, వాక్యం స్పష్టంగా తప్పన్న విషయమా? మన అలవాటును వాక్యంగా, వాక్యాన్ని అలవాటుగా మార్చుకోకూడదు.

2. ఆ వ్యక్తి సంఘంలో ఉన్నవాడా, బయట ఉన్నవాడా? బయటివారికి సాక్ష్యం ఇస్తాం, లోపలివారిని దిద్దుతాం.

3. మనం ఓర్చుకుంటే వెల ఎవరు చెల్లిస్తారు? మనమే అయితే ఓర్చుకుందాం. చెంపదెబ్బ మనకు తగిలితే రెండో చెంప చూపుదాం. పక్కవాడి చెంప చూపే అధికారం మనకు లేదు.

4. మన ఓర్పు తప్పు చేసినవాడిని మారుమనస్సు వైపు నడిపిస్తోందా, తప్పులో స్థిరపరుస్తోందా?

దిద్దవలసి వచ్చినప్పుడు మత్తయి 18వ అధ్యాయపు క్రమం మనకుంది. ముందు ఏకాంతంగా, తర్వాత ఇద్దరు ముగ్గురితో, ఆ తర్వాత సంఘం ఎదుట. ఇది సహోదరుల మధ్య తప్పిదాలకు ఇచ్చిన క్రమం. పసిబిడ్డలపై, స్త్రీలపై జరిగిన నేరాలను దాచడానికి దీన్ని తెరగా వాడకూడదు. గలతీ 6వ అధ్యాయం చెప్పినట్టు దిద్దేవాడు తన్ను తాను చూసుకొని, సాత్వికమైన మనసుతో దిద్దాలి. కొరింథీ రెండవ పత్రిక 2వ అధ్యాయంలో పౌలు, శిక్ష పొంది దుఃఖపడుతున్నవాడిని క్షమించి ఆదరించమన్నాడు. క్రమశిక్షణ తలుపు మూసేయడానికి కాదు, తిరిగి రావడానికి దారి చూపడానికి. అయితే క్షమించడం వేరు, పదవి తిరిగి ఇవ్వడం వేరు. క్షమాపణ అడిగిన ప్రతివాడికీ మళ్లీ మైకు, మళ్లీ పిల్లల తరగతి అప్పగించాలని వాక్యం ఎక్కడా చెప్పలేదు.

ఈ నెల ప్రభువు బల్లను సమీపించే ముందు, మన పక్కన ఎవరు కూర్చున్నారో, ఎవరు కూర్చోలేకపోయారో ఒకసారి చూద్దాం. కూర్చోలేకపోయినవారు మన ఓర్పు వల్లే దూరమై ఉంటే, పెద్దలు ఆ వారమే వారి ఇంటికి వెళ్లాలి. వారి మాట విని, న్యాయం జరిపించే పని మొదలుపెట్టాలి. తన సహనానికి తానే వెల చెల్లించిన ప్రభువు అందుకు మనకు ధైర్యాన్నీ ప్రేమనూ సమానంగా దయచేయును గాక. ఆమేన్.